పానీయాలలో కార్బన్ డయాక్సైడ్: గోలీ సోడా నుంచి కెగ్ బీరు వరకు

8.1 పరిచయం

రథసప్తమి నాడు అరసవల్లి సూర్యనారాయణ స్వామి దర్శనానికి వచ్చినవారు గంటల తరబడి వరుసలో నిలబడి, బయటికి వచ్చేసరికి గొంతు తడారిపోయి ఉంటారు. గుడి వీధిలో సోడా బండి దగ్గర ఆగుతారు. బండివాడు సీసా మూతి మీద కొయ్య దిమ్మ పెట్టి అరచేత్తో ఒక్క పోటు పొడుస్తాడు. గోలీ లోపలికి దిగుతుంది, ‘కీచ్’మని వాయువు తన్నుకొస్తుంది, నీళ్ళు తెల్లగా నురగెత్తుతాయి. క్షణం క్రితం అదే సీసాలో ఒక్క బుడగ కూడా కనిపించలేదు. అంత వాయువు ఎక్కడ దాగి ఉంది? గోలీ దిగేదాకా అది ఎందుకు ఆగింది?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్క నియమంలోనే ఉంది. మీరు ఇంటర్మీడియట్‌లో దాన్ని హెన్రీ నియమం పేరుతో చదివి, పరీక్షలో రాసి, బహుశా మరచిపోయి ఉంటారు. సోడా బండివాడికి ఆ పేరు తెలియకపోయినా నియమం తెలుసు. అమెరికాలో ఇంట్లో బీరు తయారు చేసుకుని స్టీలు కెగ్‌లో దానికి వాయువు పట్టించేవారు కూడా ఇదే నియమం మీద ఆధారపడతారు. ఈ భాగం చదివాక, ఒక పానీయంలో ఎంత వాయువు నిలుస్తుందో ఉష్ణోగ్రత, పీడనాలను బట్టి మీరు లెక్కగట్టగలగాలి. గేజ్ చూపే అంకెకూ అసలు పీడనానికీ తేడా చెప్పగలగాలి. సీసా ఎప్పుడు పేలుతుందో ముందుగా ఊహించగలగాలి. చివరిది కేవలం మార్కుల కోసం కాదు.

8.2 బీరు తొట్టి మీద పుట్టిన సోడా

పాఠ్యపుస్తకంలో బీరు ఏమిటని కొందరు విద్యార్థులు, ముఖ్యంగా వారి తల్లిదండ్రులు, అనుకోవచ్చు. రసాయన శాస్త్రం బీరు కర్మాగారాలకు చాలా బాకీ పడి ఉంది. ఆమ్లత్వాన్ని కొలవడానికి మనం వాడే పీహెచ్ స్కేలును సోరెన్సన్ 1909లో ప్రతిపాదించినది డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు సంస్థ ప్రయోగశాలలోనే. సాంఖ్యక శాస్త్రంలో మీరు చదివే ‘స్టూడెంట్ టీ’ పరీక్షను 1908లో ప్రచురించిన గాసెట్ గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి.

సోడా కథ కూడా అక్కడే మొదలైంది. ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1767 ప్రాంతంలో ఒక బీరు కర్మాగారం పక్కన నివసించేవాడు. పులుస్తున్న బీరు తొట్టి మీద ఒక బరువైన వాయువు పొరలా పరుచుకుని ఉండటం, అందులో పెట్టిన దీపం ఆరిపోవడం ఆయన గమనించాడు. ఆ పొరలో నీళ్ళ పాత్ర ఉంచి, నీటిని ఒక గిన్నెలోంచి మరొక గిన్నెలోకి ఒంపుతూ పోతే వాయువు నీటిలో కలిసి చిత్రమైన రుచి వచ్చింది. నీటికి ఈ వాయువు పట్టించే విధానాన్ని 1772లో ఆయన చిన్న పుస్తకంగా ప్రచురించాడు. 1783లో జెనీవాలో జేకబ్ ష్వెప్ దీన్ని వ్యాపారంగా మార్చాడు. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు గోలీ సీసాకు పేటెంటు పొందాడు. ఆ సీసా ఇంగ్లండులో మ్యూజియం వస్తువైపోయింది. మన దగ్గర ఇంకా నిమ్మకాయల పక్కన నిలబడి ఉంది. గోదావరి జిల్లాల వారికి రామచంద్రపురంలో 1919లో మొదలై, తరువాత ఆర్టోస్ పేరు పొందిన డ్రింకు గురించి చెప్పనక్కరలేదు.

ప్రీస్ట్‌లీ నీటిని ఒంపుతూ పోవడం ఎందుకో గుర్తు పెట్టుకోండి. దాని అవసరం తరువాత వస్తుంది.

8.3 నియమం

మాంచెస్టర్‌కు చెందిన విలియం హెన్రీ 1803లో ప్రచురించిన నియమం ఇది: స్థిర ఉష్ణోగ్రత వద్ద, ఒక ద్రవంలో కరిగే వాయు పరిమాణం ఆ ద్రవం పైన ఉన్న అదే వాయువు పాక్షిక పీడనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. పీడనం రెట్టింపు చేస్తే కరిగే వాయువు కూడా రెట్టింపవుతుంది.

‘అదే వాయువు’ అన్న మాట కింద గీత గీసుకోండి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 0.04 శాతమే. అంటే మూత తీసిన సోడా మీద దాని పాక్షిక పీడనం 0.0004 అట్మాస్ఫియర్లు. గాలి పీడనం మొత్తం ఒక అట్మాస్ఫియర్ ఉన్నా, ఆ ఒత్తిడి సోడాలోని వాయువును ఆపలేదు. అందుకే గ్లాసులో వదిలేసిన సోడా ఒకటి రెండు గంటల్లో చప్పబడిపోతుంది.

కరిగిన వాయువును ‘ఘనపరిమాణాలు’గా చెప్పడం ఈ రంగంలో వాడుక. ఒక లీటరు ద్రవంలో కరిగిన వాయువును బయటికి తీసి 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ వద్ద కొలిస్తే ఒక లీటరు వస్తే, అది ఒక ఘనపరిమాణం. కార్బన్ డయాక్సైడ్ అణుభారం 44, దాన్ని 22.4తో భాగిస్తే లీటరుకు 1.96 గ్రాములు. సాధారణ బీరులో 2.5 ఘనపరిమాణాలు, గట్టి సోడాలో 4 దాకా ఉంటాయి.

ఇక ఉష్ణోగ్రత. చక్కెర వేడి నీటిలో ఎక్కువ కరుగుతుంది కాబట్టి వాయువు కూడా అంతేనని విద్యార్థులు ఏటా రాస్తుంటారు. వాయువులకు అది తలకిందులు. కింది పట్టికలో రెండో అంకె, 1 అట్మాస్ఫియర్ పీడనం వద్ద నీటిలో కరిగే ఘనపరిమాణాలు. మూడో అంకె, మూసిన సీసాలో 4 ఘనపరిమాణాలు కరిగి ఉండాలంటే నీటి పైన ఉండవలసిన పీడనం, అట్మాస్ఫియర్లలో.

0 డిగ్రీలు : 1.71 : 2.3
5 డిగ్రీలు : 1.42 : 2.8
10 డిగ్రీలు : 1.19 : 3.4
20 డిగ్రీలు : 0.88 : 4.5
30 డిగ్రీలు : 0.67 : 6.0
40 డిగ్రీలు : 0.53 : 7.5

మూడో వరుస ఎలా వచ్చిందో మీరే సరిచూసుకోండి: 4ను రెండో అంకెతో భాగించడమే. ఈ పట్టికను ఇంకో రెండుసార్లు వాడతాం.

8.4 ఎండలో సీసా

మా వీధి చివర సోడా కొట్టు నడిపిన ముసలాయనకు ఎడమ కన్ను లేదు. ఒక వేసవి మధ్యాహ్నం, నింపి గోడవార పెట్టిన సీసా పేలి గాజు పెంకు గుచ్చుకుందట. అప్పటినుంచి నింపిన సీసాల మీద తడి గోనె కప్పి నీడలోనే ఉంచేవాడు. మేము పిల్లలం గోనె ఎత్తి సీసా తీయబోతే, “ఎండ తగిల్తే సీసా మనమాట ఇనదు బాబూ” అనేవాడు. చాలా ఏళ్ళ తరువాత ఎమ్మెస్సీలో ద్రావణీయత పట్టిక చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చినది ఆ గోనె.

పట్టికతో చూడండి. చల్లటి నీటితో, 10 డిగ్రీల వద్ద నింపిన సీసాలో పీడనం 3.4 అట్మాస్ఫియర్లు. అదే సీసా 40 డిగ్రీల ఎండలోకి వస్తే 7.5. కొత్తగా వాయువు చేరలేదు, ఎవరూ తాకలేదు. నీరు వేడెక్కి, తనలో ఉన్న వాయువును పట్టుకోలేక మెడలోని ఖాళీలోకి తోసింది. (ఆ ఖాళీ చిన్నది కనుక కరిగిన వాయువు దాదాపు మారదని ఇక్కడ అనుకున్నాం.) వాయువును మాత్రమే వేడిచేస్తే 10 నుంచి 40 డిగ్రీలకు పీడనం పదో వంతు పెరిగేది, అంటే 283 నుంచి 313 కెల్విన్లు. ఇక్కడ రెండింతలు దాటింది. సైకిల్ ట్యూబుకూ సోడా సీసాకూ ఉన్న తేడా ఇదే. గాజులో కంటికి కనిపించని గీత ఉంటే చాలు.

గోలీని రబ్బరు వాషరుకు అదిమి పట్టేది కూడా ఈ పీడనమే. సీసా నోరు ఒక సెంటీమీటరు వెడల్పు అనుకుంటే దాని వైశాల్యం 0.79 చదరపు సెంటీమీటర్లు. 30 డిగ్రీల వద్ద లోపలి పీడనం బయటికన్నా 5 అట్మాస్ఫియర్లు ఎక్కువ. గోలీ మీద పడే బలం సుమారు 4 కిలోల బరువంత. బొటనవేలితో తోయలేక కొయ్య దిమ్మ వాడటం అందుకే.

గోలీ దిగగానే పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. నీరు తన శక్తికి మించిన వాయువుతో అతిసంతృప్త ద్రావణంగా మారుతుంది. అయినా వాయువంతా ఒకేసారి పోదు. బుడగ పుట్టాలంటే ఒక ఆధారం కావాలి: గాజు మీద గరుకు, ఒక నలక, ఒక స్ఫటికం అంచు. నిమ్మసోడాలో ఉప్పు వేయగానే గ్లాసు పొంగిపోయేది ఆ కారణంతోనే. ఉప్పుకూ సోడాకూ రసాయన చర్య జరిగిందని జవాబు పత్రాల్లో రాస్తారు, అది తప్పు. నిమ్మరసంలో వంటసోడా వేస్తే పొంగేది రసాయన చర్య వల్ల. ఉప్పు కేవలం బుడగలకు కూర్చునే చోటు ఇస్తుంది. ఇసుక వేసినా పొంగుతుంది, తాగలేరంతే.

8.5 కల్లులో వాయువు, సీసాలో పంచదార

సోడాలోకి వాయువును మనం బయటినుంచి ఎక్కిస్తాం. బీరు, కల్లు తమ వాయువును తామే తయారు చేసుకుంటాయి. ఈస్ట్ అనే సూక్ష్మజీవి చక్కెరను ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. దీన్ని కిణ్వనం అంటారు. 342 గ్రాముల పంచదార, 18 గ్రాముల నీటితో కలిసి 184 గ్రాముల ఎథనాల్‌ను, 176 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌ను ఇస్తుంది. అంటే గ్రాము పంచదారకు దాదాపు అర గ్రాము వాయువు. ఇది సిద్ధాంతపు లెక్క. ఈస్ట్ తన పెరుగుదలకు కొంత చక్కెర వాడుకుంటుంది.

సిక్కోలు పల్లెల్లో పొద్దున్నే దింపిన తాటికల్లు కుండలో బుసబుస పొంగుతూ ఉంటుంది. అయినా దానికి సోడాలోని ఘాటు ఎందుకు రాదు? కుండ మూతి తెరిచి ఉంటుంది. పైన ఉన్నది పూర్తిగా కార్బన్ డయాక్సైడే అనుకున్నా దాని పీడనం 1 అట్మాస్ఫియరే. 30 డిగ్రీల వద్ద అందులో 0.67 ఘనపరిమాణాలకు మించి నిలవదు. ఎంత నురగ వచ్చినా ఆ నురగంతా బయటికి పోతున్న వాయువే. నాలుక మీద చురుక్కుమనేది కూడా ప్రధానంగా బుడగలు కావు. కరిగిన వాయువు నోటిలోని ఒక ఎంజైము సాయంతో ఆమ్లంగా మారినప్పుడు కలిగే అనుభూతి అది. కరిగినది తక్కువైతే ఘాటూ తక్కువే.

బీరు తయారీలో మొదటి కిణ్వనం కూడా ఇలాగే వాయువును బయటికి వదిలేస్తూ సాగుతుంది. అది 20 డిగ్రీల వద్ద ముగిస్తే బీరులో సుమారు 0.85 ఘనపరిమాణాలు మిగులుతాయి. మనకు కావలసినది 2.5. మిగతా 1.65 ఘనపరిమాణాలు, అంటే లీటరుకు 3.2 గ్రాములు, ఎక్కడినుంచి రావాలి?

పాత పద్ధతి, సీసాలో కొద్దిగా పంచదార వేసి బిగించడం. మిగిలి ఉన్న ఈస్ట్ దాన్ని తిని వాయువు వదులుతుంది. సీసా మూసి ఉంది కనుక అది లోపలే కరుగుతుంది. లెక్క ప్రకారం లీటరుకు 6.3 గ్రాముల పంచదార చాలు. పద్ధతి చవక, రుచి బాగుంటుందని చెప్పేవారూ ఉన్నారు. నాకు మాత్రం ఇది లెక్క తప్పితే సర్దుకునే అవకాశం ఇవ్వని పద్ధతి. తొందరపడి, మొదటి కిణ్వనం పూర్తికాకముందే సీసాల్లో నింపారనుకోండి. లీటరుకు 10 గ్రాముల చక్కెర అదనంగా మిగిలి ఉంది. దాని నుంచి 5.1 గ్రాములు, అంటే ఇంకో 2.6 ఘనపరిమాణాలు వస్తాయి. మొత్తం 5.1. ఆ సీసా 30 డిగ్రీల గదిలో ఉంటే పీడనం 7.6 అట్మాస్ఫియర్లు. ఇలాంటివాటిని అమెరికాలో ఇంట్లో బీరు చేసుకునేవారు ‘సీసా బాంబులు’ అంటారు. చెంచా పంచదార తేడాతో మళ్ళీ ఆ ముసలాయన కన్ను దగ్గరికే వచ్చాం.

8.6 కెగ్: పీడనాన్ని మనం నిర్ణయించడం

ముందుగా ఒక మాట. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం నేరం. ఇంట్లో తాగడానికే అన్నా చెల్లదు. అమెరికాలో 1978లో చేసిన చట్టం తరువాత, సొంత వాడకానికి పెద్దవారు ఒక్కొక్కరు ఏడాదికి 100 గ్యాలన్ల వరకు ఇంట్లో బీరు చేసుకోవడానికి ఫెడరల్ ప్రభుత్వం అనుమతించింది. అక్కడ స్థిరపడిన మన తెలుగువారిలోనూ ఆ సరదా ఉన్నవారున్నారు. కనుక ఈ ఉదాహరణ అక్కడిది. దీని వెనుక ఉన్న లెక్క మాత్రం ఎక్కడైనా ఒక్కటే.

ఇళ్ళలో వాడే కెగ్ 19 లీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బా. మొదట కూల్‌డ్రింకు కంపెనీలు తమ పానకాన్ని హోటళ్ళకు పంపడానికి వాడినదే. పైన రెండు ముక్కులు: ఒకదాని నుంచి పొట్టి గొట్టం, వాయువు లోపలికి పోవడానికి; రెండోదాని నుంచి అడుగు దాకా దిగే పొడుగు గొట్టం, బీరు బయటికి రావడానికి. మూతకు ఒక రక్షణ కవాటం. పక్కన కార్బన్ డయాక్సైడ్ సిలిండరు. సిలిండరుకూ కెగ్‌కూ మధ్య రెగ్యులేటరు. మీ వంటగ్యాసు సిలిండరు మీద ఉండేదాని అన్నలాంటిది ఇది: దీనికి మర తిప్పి మనకు కావలసిన పీడనం పెట్టుకోవచ్చు, గేజ్ మీద చూసుకోవచ్చు.

పంచదార పద్ధతిలో వాయువు పరిమాణాన్ని నిర్ణయిస్తాం, పీడనం ఎంతకు పోతే అంత. కెగ్‌లో పీడనాన్ని నిర్ణయిస్తాం, వాయువు తనంత తాను లెక్క ప్రకారం కరిగి ఆగిపోతుంది. సమతాస్థితి వచ్చాక వారం వదిలేసినా చుక్క వాయువు ఎక్కువ కరగదు. రెండు పద్ధతులకూ రుచిలో ఉన్న తేడా గురించి వాదించుకోవచ్చు కానీ ఈ తేడా మీద వాదన లేదు.

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఇప్పుడు టెక్సస్‌లో ఉంటున్నాడు. కొన్నాళ్ళ క్రితం ఫోన్ చేసి, “మాస్టారూ, కెగ్‌కి రాత్రంతా 12 పీఎస్ఐ పెట్టాను, పొద్దున్న చూస్తే బీరు చప్పగా ఉంది. రెగ్యులేటర్ పాడైనట్టుంది, తీసేసి సిలిండర్ని నేరుగా తగిలించేదా?” అని అడిగాడు. కెగ్ ఎక్కడ ఉందంటే గరాజ్‌లో, అక్కడ 25 డిగ్రీలు ఉంటుందన్నాడు. తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవాడే. నేను చెప్పిన మొదటి మాట, ఏమీ ముట్టుకోకు అని. రెండో మాట, కాగితం తీసుకో అని. మీరూ తీసుకోండి.

గేజ్ మీద 12 పీఎస్ఐ అంటే గాలి పీడనం కన్నా 12 ఎక్కువ అని అర్థం. ఖాళీ కెగ్ మీద గేజ్ సున్నా చూపిస్తుంది, కానీ లోపల 14.7 పీఎస్ఐ గాలి ఉండనే ఉంటుంది. హెన్రీ నియమానికి కావలసినది పరమ పీడనం: 12కు 14.7 కలిపితే 26.7 పీఎస్ఐ, అంటే 1.82 అట్మాస్ఫియర్లు. 25 డిగ్రీల వద్ద నీటి ద్రావణీయత 0.76. గుణిస్తే 1.38 ఘనపరిమాణాలు. ఆల్కహాల్, చక్కెరలు ఉన్నందువల్ల బీరులో ఇంకొంచెం తక్కువ, 1.3 అనుకోండి. అది కూడా సమతాస్థితి వచ్చాక. అదే కెగ్‌ను 3 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడితే ద్రావణీయత 1.53, నీటికి 2.78, బీరుకు సుమారు 2.6. రెగ్యులేటరుకు ఏ రోగమూ లేదు. గరాజ్‌లోనే 2.5 కావాలంటే గేజ్ మీద సుమారు 37 పీఎస్ఐ పెట్టాలి.

ఇక రాత్రంతా ఉంచడం గురించి. హెన్రీ నియమం ఎంత కరుగుతుందో చెబుతుంది, ఎంతసేపట్లో అన్నది చెప్పదు. నిశ్చలంగా ఉన్న కెగ్‌లో వాయువు పై ఉపరితలం నుంచే లోపలికి పోవాలి. ఒకటి రెండు వారాలు పడుతుంది. తొందర ఉన్నవారు కెగ్‌ను ఒళ్ళో పెట్టుకుని ఊపుతారు. ఊపితే ద్రవానికీ వాయువుకూ మధ్య ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది, వారం పని అరగంటలో అవుతుంది. ప్రీస్ట్‌లీ నీటిని ఒంపుతూ పోయింది ఇందుకే. సోడా మిషనులో సీసాలు బిగించి చక్రం గిరగిరా తిప్పేది కూడా ఇందుకే. ఊపడం వల్ల చివరి అంకె మారదు, త్వరగా అక్కడికి చేరుతాం అంతే. కొందరు తొందరలో 30 పీఎస్ఐ పెట్టి ఊపి, 12కు తగ్గించడం మరచిపోతారు. అప్పుడు ఫ్రిజ్‌లోని బీరు 4 ఘనపరిమాణాల వైపు పరుగు తీస్తుంది, గ్లాసులో నురగ తప్ప ఏమీ రాదు.

ఇంకో చిన్న మెలిక ఉంది. కెగ్ నింపాక పైన ఖాళీలో గాలి ఉండిపోతుంది. దాన్ని అలాగే ఉంచి 12 పీఎస్ఐ పెడితే, ఆ 1.82 అట్మాస్ఫియర్లలో ఒకటి గాలిదే, కార్బన్ డయాక్సైడ్ వాటా 0.82 మాత్రమే. గేజ్ అబద్ధం చెప్పదు, కానీ అది ఏ వాయువు పీడనమో కూడా చెప్పదు. అందుకే మొదట వాయువు ఎక్కించి, రక్షణ కవాటం లాగి వదిలి, మూడు నాలుగు సార్లు గాలిని వెళ్ళగొడతారు. గాలిలోని ఆక్సిజన్ పోవడం వల్ల బీరు పాడవకుండా ఉండటం అదనపు లాభం.

8.7 సిలిండరు

ఆ కుర్రాడు రెగ్యులేటరు తీసేసి ఉంటే ఏమయ్యేది? సిలిండరులో కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉంటుంది. ద్రవం పైన ఆవిరి పీడనం 20 డిగ్రీల వద్ద సుమారు 57 అట్మాస్ఫియర్లు, అంటే 830 పీఎస్ఐ. ఇలాంటి కెగ్ మీద అచ్చువేసి ఉండే గరిష్ఠ పీడనం సాధారణంగా 130 పీఎస్ఐ. రక్షణ కవాటం చిన్న పొరపాట్లకు పెట్టినది, ఇంత ప్రవాహానికి కాదు.

ద్రవం ఉన్నంతసేపూ సిలిండరు గేజ్ కదలదు. సగం ఖాళీ అయినా అదే అంకె. అందుకే సిలిండరులో ఎంత మిగిలిందో తూకం వేసే తెలుసుకోవాలి. మన వంటగ్యాసు సిలిండరుదీ ఇదే కథ. సిలిండరును నిలబెట్టే వాడాలి. పడుకోబెడితే రెగ్యులేటరులోకి ద్రవం పోతుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తించే విషయం ఒకటుంది. కార్బన్ డయాక్సైడ్ సందిగ్ధ ఉష్ణోగ్రత 31 డిగ్రీలు. అంతకు పైన ఎంత నొక్కినా అది ద్రవంగా మారదు. ఫ్రిజ్ పక్కన చల్లగా ఉన్న సిలిండరులో ద్రవం, వాయువు విడివిడిగా ఉంటాయి. మే నెలలో శ్రీకాకుళంలో 38 డిగ్రీల గదిలో అదే సిలిండరులో ఆ రెంటికీ మధ్య హద్దు చెరిగిపోతుంది. అప్పుడు పీడనం సిలిండరును ఎంత నింపారన్న దాన్ని బట్టి వేగంగా పెరుగుతుంది. సిలిండర్లను పూర్తిగా నింపకూడదనే నిబంధనకు కారణం ఇదే. శీతల దేశాల పుస్తకాలు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తాయి. మనం దాటకూడదు.

పేలుడు అందరికీ భయం. నిశ్శబ్దంగా కారే వాయువుకు ఎవరూ భయపడరు. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, రంగు లేదు. పల్లపు చోట చేరుతుంది. ఒక చిన్న సిలిండరులోని 2.3 కిలోల వాయువు గది ఉష్ణోగ్రత వద్ద దాదాపు 1.3 ఘనపు మీటర్లు అవుతుంది. తలుపులు మూసిన 27 ఘనపు మీటర్ల గదిలో అంతా కారిపోతే గాలిలో 5 శాతం దాకా చేరుతుంది: తలనొప్పి, ఆయాసం. అద్దాలు మూసిన కారులో కారితే స్పృహ తప్పుతుంది. మన పల్లెల్లో ధాన్యపు పాతరలోకి, పాడుబడ్డ నూతిలోకి దిగేముందు దీపం దించి చూసే అలవాటు ఈ ప్రమాదం తెలిసి వచ్చినదే. ప్రీస్ట్‌లీ బీరు తొట్టి మీద చూసినదీ ఆరిన దీపాన్నే. కానీ దీపాన్ని పూర్తిగా నమ్మవద్దు. అది ఆరకముందే మనిషికి ప్రమాదకరమైనంత వాయువు చేరి ఉండవచ్చు.

8.8 ఇంట్లో చేసి చూడవలసినది

కెగ్ లేదు, సిలిండరు అక్కరలేదు. కిరాణా కొట్టులో 600 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సోడా సీసా, ఒక గ్రాము తేడా చూపే వంటింటి త్రాసు చాలు. మీ ఇంట్లో లేకపోతే స్వీటు షాపువాళ్ళను అడగండి, నవ్వుతారు కానీ ఇస్తారు.

మూత తీయని సీసాను బయట తడి లేకుండా తుడిచి తూయండి. మూతను ఒక్క చుట్టు మాత్రమే వదులు చేసి, వాయువు మెల్లగా పోనివ్వండి. నీళ్ళు చిందితే లెక్క పోయినట్టే. గంటకోసారి మెల్లగా కదుపుతూ సాయంత్రం దాకా ఉంచి, మూతతో సహా మళ్ళీ తూయండి. తగ్గిన బరువు బయటికి పోయిన కార్బన్ డయాక్సైడ్. సీసాలో 4 ఘనపరిమాణాలు ఉండి ఉంటే మొత్తం 0.6 × 4 × 1.96, అంటే 4.7 గ్రాములు. గది 30 డిగ్రీలు అనుకుంటే, అందులో 0.67 ఘనపరిమాణాలు, అంటే 0.8 గ్రాములు, నీటిలో ఇంకా మిగిలి ఉండవచ్చు. కనుక 4 గ్రాముల దగ్గర తేడా రావాలి.

మీకు 2 గ్రాములే వస్తే మూడు కారణాలు వెతకండి: సీసా పాతదై ప్లాస్టిక్ గోడల గుండా వాయువు కారిపోయిందా, తగినంతసేపు ఆగలేదా, లేక త్రాసు పలక మీద చెయ్యి ఆనిందా? అదే రకం ఇంకో సీసాను ఎండలో గంటసేపు ఉంచి, వేళ్ళతో నొక్కి గట్టిదనం చూడండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాతో పోల్చండి. ప్లాస్టిక్ సీసాతోనే చేయండి, గోలీ సీసాతో వద్దు. రెండు సీసాలకూ పీడనం ఎంత ఉంటుందో 8.3లోని పట్టికతో లెక్కగట్టి, తూకపు అంకెలతో పాటు అభ్యాస పత్రంలో రాసి పంపండి.